పాత తోటలోని గుహకు మళ్లీ నీరు తెచ్చిన అనుభవం

పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి కొండల వైపు వెళ్లే దారిలో, ఒక గుట్ట వాలును ఆనుకుని, ఎస్టేటు కాలంనాటి విహారోద్యానం ఒకటి ఉంది. మొదట ఎస్టేటువారికే పరిమితమై, తరువాత ఊరివాళ్లందరికీ తెరిచిన తోట అది. గుట్ట పైభాగంలో రాతితో కట్టిన నీటితొట్టి, దాని దిగువన ఇటుకతోనూ గచ్చుతోనూ కొండచరియలా మలిచిన కృత్రిమ గుహ, గుహ ముఖం మీదుగా దూకే జలపాతం, దాని కింద కోనేరు, కోనేటి మధ్యలో ఫౌంటెన్, అక్కడి నుంచి వంకరలు తిరుగుతూ తోట చివరిదాకా సాగే సన్నని కాలువ ఉన్నాయి. నేను ఆ పనిలోకి దిగేనాటికి వీటిలో ఎక్కడా చుక్క నీరు లేదు. గుహ నిండా చెత్త, గబ్బిలాల పెంట ఉండేవి. గచ్చు పగుళ్లను కప్పిపెట్టడానికి ఎవరో వేయించిన సిమెంటు పూతా, దాని మీద ఆకుపచ్చ పెయింటూ పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ ఉండేవి.

నా సర్వీసంతా మంచినీటి సరఫరా పనుల్లోనే గడిచింది. రిటైరైన తరువాత, తోట మరమ్మతుకు అంచనా తయారుచేసి ఇమ్మని, దాన్ని చూసుకునే స్థానిక కౌన్సిల్ వారు నన్ను అడిగారు. వారి చేతిలో అప్పటికే ఒక ప్రతిపాదన ఉంది. పాత గుహను పడగొట్టి, ఫైబరు రాళ్లతో కొత్త గుహ నిలబెట్టి, బోరు నీటిని మోటారుతో తిప్పే జలపాతం పెట్టాలన్నది దాని సారాంశం. నేను దానికి ఒప్పుకోలేదు. పాత కట్టడం మీద మమకారం ఒక్కటే అందుకు కారణం కాదు. ఆ తోటను కట్టినవారు మోటారు లేకుండానే నీటిని నడిపించారు. కొండ మీది ఊట ఎండిపోలేదని చుట్టుపక్కల పల్లెల వాళ్లందరూ చెబుతున్నారు. అంటే నీటికి లోటు లేదు, దాని దారి మాత్రమే ఎక్కడో మూసుకుపోయింది. ఆ దారి తెరిస్తే గుహ దానంతట అదే తోటకు ప్రాణం పోస్తుంది, తెరవకుండా ఎంత సొమ్ము పోసినా నిలబడేది ఒట్టి గోడే అన్నది నా వాదన. కౌన్సిల్ సభ్యుల్లో తెలుగువారూ ఒడియావారూ సగం సగం ఉన్నారు. ఈ విషయంలో మాత్రం భాషను బట్టి చీలిక రాలేదు. ముందు నీరు తెచ్చి చూపించమని అందరూ ఒకే మాట అన్నారు.

పని మొదలుపెట్టే ముందు, గుహలూ జలయంత్రాలూ ఉన్న పేరుమోసిన తోటలను ఎలా కట్టారో శ్రద్ధగా చదివాను. వాటిలో నీటి విషయంగా రెండు దారులు కనిపించాయి. ఇటలీలోని తివోలీ పట్టణంలో, 16వ శతాబ్దంలో ఇప్పొలీతో దెస్తే అనే కార్డినల్ కోసం పిర్రో లిగోరియో రూపకల్పన చేసిన విల్లా దెస్తే తోట మొదటి దారికి ఉదాహరణ. అనియేనే నది నీటిని సొరంగం ద్వారా కొండ పైభాగానికి తెచ్చి, వందలాది ఫౌంటెన్లనూ గుహలనూ జలపాతాలనూ కేవలం వాలు బలంతోనే ఆడించారు. అక్కడ పంపు అన్న మాటే లేదు. పారిస్ నగరంలోని బ్యూట్ షోమోన్ ఉద్యానం రెండో దారిలో నడిచింది. అది జిప్సం తవ్వితీసిన పాత క్వారీ, ఆ తరువాత ఊరి చెత్త పోసే చోటు. మూడో నెపోలియన్ కాలంలో ఆల్ఫాన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1864లో పని మొదలై, 1867 ఏప్రిల్ 1న, ప్రపంచ ప్రదర్శన ప్రారంభమైన రోజునే, ప్రజలకు తెరిచారు. 1936లో అదే తేదీన ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి మా పర్లాకిమిడి ఇటు వచ్చింది కాబట్టి, ఆ తేదీ నాకు ఇట్టే గుర్తుండిపోయింది. క్వారీ సొరంగాన్నే అక్కడ 14 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు ఉన్న గుహగా మలిచి, పైకప్పు నుంచి వేలాడే రాతి కొసలను సిమెంటుతో చేశారు. దాని లోపల జలపాతం పడుతుంది. ఆ నీరు ఊర్క్ కాలువ నుంచి పంపులతో ఎక్కించినది. పారిస్ వారికి వాలు మీద వచ్చే ఊట లేదు కాబట్టి పంపు తప్పలేదు. మాకు కొండే ఉంది. ఈ ఒక్క పోలికే నా అంచనాలో మోటారు పద్దును పూర్తిగా తీసేయడానికి ఆధారమైంది.

ఊట కాలువ జాడ పట్టుకోవడమే మొత్తం పనిలో పెద్ద భాగం. తోట పటం ఎక్కడా దొరకలేదు. కొండ మీది పల్లెలో ఉండే ఒక సవర పెద్దాయన చిన్నతనంలో ఆ కాలువలో పూడిక తీయడానికి వాళ్ల నాన్నతో వెళ్లేవాడట. మేమంతా ఆయనను తాతా అనే పిలిచేవాళ్లం. కర్ర ఊతంతో మా ముందు నడుస్తూ, పొదల్లోకి చూపించి, "ఇక్కడ రాయి ఉంటాది, తవ్వండి" అనేవాడు. తవ్వితే రాయి ఉండేది. రెండు వైపులా కొండరాయి పేర్చి, అడుగున గచ్చు చేసి, పైన పలకరాళ్లు కప్పిన మూరెడు వెడల్పు కాలువ అది. సుమారు సగం దూరం దాకా చెక్కుచెదరకుండా ఉంది. తరువాత కొత్త రోడ్డు కట్ట కిందికి వెళ్లి మాయమైంది.

రోడ్డు కింద నీరు ఎటు పోతోందో తెలుసుకోవడానికి మా ప్రాంతపు పాత పద్ధతే వాడాం. మిల్లు నుంచి ఊక బస్తాలు తెప్పించి, పైభాగాన కాలువలో కొద్దికొద్దిగా వదిలాం. దిగువన రోడ్డు వారగా ఉన్న పొలాల్లోనూ గోతుల్లోనూ కుర్రాళ్లను నిలబెట్టాం. చాలాసేపటి తరువాత ఒక జీడితోట గట్టు కింద, గడ్డి మొదళ్ల దగ్గర, బంగారు రంగు ఊక ఒక్కొక్క గింజగా తేలడం మొదలైంది. నీరు రోడ్డు కింద దారి తప్పి ఆ గట్టులోకి చేరుతోందని దానితో రూఢి అయింది. రోడ్డు శాఖ అనుమతితో కట్ట కింద ఒక గొట్టం దూర్చి, రెండు వైపులా పాత కాలువకు కలిపాం. అనుమతి కాగితం ఒడియాలో ఉండాలి, కొలతల పట్టిక ఇంగ్లీషులో ఉండాలి, పని చేసే మేస్త్రికి అంతా తెలుగులో చెప్పాలి. మా సరిహద్దు జిల్లాల్లో ఏ పనికైనా ఇది మామూలే.

కాలువ నుంచి తోట తొట్టికి వచ్చే చివరి భాగం కాల్చిన మట్టి గొట్టాలది. ఒకదాని నోట్లో మరొకటి దూర్చి, అతుకుల్లో సున్నమూ నూనే కలిపి నూరిన ముద్ద పెట్టారు. ఆ ముద్ద ఇప్పటికీ గోటికి లొంగనంత గట్టిగా ఉంది. గొట్టాలను పాడుచేసింది కాలం కాదు, రావిచెట్టు. చిన్న అతుకులోంచి దూరిన వేరు లోపల జడలా అల్లుకుని గొట్టాన్ని పూర్తిగా మూసేసింది. పగిలిన గొట్టాల స్థానంలో హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం వేశాను. అన్నీ అచ్చం పాతవాటిలాగే ఉండాలని పట్టుబట్టేవారూ ఉన్నారు కానీ, నేల లోపల కనబడని చోట వేరు దూరని గొట్టం వేయడమే తోటకు మేలని నా అభిప్రాయం. బాగున్న మట్టి గొట్టాలను మాత్రం ఒక్కటీ కదపలేదు.

గుహ సంగతి వేరు. దాని నిర్మాణం అర్థమయ్యాక కట్టినవారి మీద గౌరవం పెరిగింది. లోపల ఇటుక కమానులు, వాటి మీద బట్టీలో మాడి గాజులా కరిగిన ఇటుక గడ్డలు, వాటి సందుల్లో రాతిముక్కలు, అన్నిటి మీదా పొరలు పొరలుగా గచ్చు. ఇంగ్లండులో జేమ్స్ పుల్హామ్ కుటుంబం 19వ శతాబ్దంలో దాదాపు ఇదే పద్ధతిలో, అయితే సున్నం బదులు సిమెంటు వాడి, రాళ్లు లేని చోట రాతిగుట్టలు సృష్టించింది. లండన్‌లోని బాటర్సీ పార్కులో 1860ల్లో వారు కట్టిన జలపాతపు గుట్ట నేటికీ ఉంది. చేతి పని రాయిలా కనబడాలంటే పొరలు ఒకే వాలులో సాగాలి, పగుళ్లు నిజమైన కొండలో వచ్చే దిక్కులోనే రావాలి. ఆ నియమాన్ని మన తోట కట్టిన మేస్త్రీలు కూడా పాటించారు. గుహ మీది గచ్చు గీతల వాలు, వెనుక గుట్టలోని ఖోండలైటు రాతి పొరల వాలు ఒక్కటే. కొండను చూసి చేసిన పని అది.

పాతపట్నం నుంచి వచ్చిన తాపీ మేస్త్రి సున్నం పని తెలిసిన కుటుంబం వాడు. సిమెంటు పూతను వెంటనే సుత్తితో కొట్టేయాలని కూలీలు తొందరపడుతుంటే ఆయన వారించాడు. "ఆగండి బాబూ. వాన తడి ఆరనివ్వండి. ఆరినాక తాపీ పిడితో తట్టితే, ఎక్కడ ఊడిందో గోడే చెబుతాది" అన్నాడు. ఎండ కాసిన తరువాత ఆయన గుహ మొత్తాన్ని అడుగు అడుగున తట్టుకుంటూ వెళ్లాడు. గట్టి చోట టక్కుమని, బోలుగా ఉన్న చోట డొల్ల చప్పుడు. డొల్ల పలికిన ప్రతి చోటా సుద్దతో గుండ్రంగా గీశాడు. చూస్తే సిమెంటు పూసిన చోటల్లా సుద్ద గీతలే. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన నీరు వెనుకనున్న పాత గచ్చును మెత్తబరిచి, ఇటుకను కూడా పిండి చేసింది. సిమెంటు లేని చోట, ఎండావానా నేరుగా తగిలిన గచ్చు మాత్రం చెక్కుచెదరలేదు.

సున్నం తడిపి గోతిలో మాగబెట్టాం. గానుగ దొరకనందున రుబ్బురోళ్లలోనే రుబ్బించాం. ఇటుక పొడి, జల్లించిన ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు మేస్త్రి పాళ్ల ప్రకారమే కలిపాం. పూత పలుచగా వేయడం, ఒక్కో పొర బిగిసేదాకా తడి గోనెసంచులు కప్పి ఉంచడం, తరువాత పై పొర వేయడం: ఈ పనిలో తొందర కుదరదు. గుహ వెనుక మట్టి నుంచి ఊరే నీరు గచ్చు మీద ఒత్తిడి పెట్టకుండా, అడుగు భాగంలో పాతవాళ్లు వదిలిన చెమ్మ రంధ్రాలన్నీ తెరిపించాం. సిమెంటు పని చేసినవారు వాటినన్నిటినీ మూసేశారు. గుహ నోటి పైన సింహం తల ఒకటి, పక్కన శివుడి జటాజూటం ఒకటి చేస్తే శోభగా ఉంటుందని మేస్త్రి ఎంతో ఇష్టంగా అడిగాడు. ఆయన చేతి నేర్పు చూశాక కాదనడం కష్టమే అయింది. అయినా కొండను కొండలా ఉంచడమే ఈ తోట పద్ధతని ఆయనను గుట్ట మీదికి తీసుకెళ్లి రాతి పొరలు చూపించాను. ఆయన చాలాసేపు వేలితో ఆ పొరలను తడిమి చూసి, ఆ తరువాత అతికించిన ప్రతి ముక్కకూ అదే వాలు తెచ్చాడు. ఏది పాతదో ఏది కొత్తదో ఇప్పుడు నేను కూడా చెప్పలేను.

గుహ వెనుక చెత్త ఎత్తిస్తున్నప్పుడు, ఇటుకలు పేర్చి మూసిన ఒక సందు బయటపడింది. మనిషి పక్కకు తిరిగి నడవగలిగినంత వెడల్పు ఉంది. లోపలికి దీపం పట్టుకుని వెళ్తే, జలపాతానికీ ఫౌంటెనుకూ నీరు పంచే రెండు ఇత్తడి కాక్‌లు, వాటి పక్కన మనిషి నిలబడడానికి ఒక అరుగు, గోడలో దీపం పెట్టుకునే గూడు కనిపించాయి. చూడవచ్చినవారికి కనబడకుండా లోపల ఉండి నీటిని తిప్పే పనివాడి కోసం కట్టిన చోటు అది. ఈ తోటలో అన్నిటికన్నా గొప్ప సంగతి నాకు ఇదే అనిపించింది. బాగుచేసే మనిషికి చోటు వదలని కట్టడం ఎంత అందంగా ఉన్నా ఎక్కువ కాలం నిలవదు. ఇక్కడ ఆ చోటును మూసిన తరువాతే కాక్‌లు బిగుసుకుపోయి, నీరు తిప్పడం ఆగిపోయి, తొట్టి పూడిపోయింది. కిరసనాయిలు పోసి నానబెట్టి, ఎంతో జాగ్రత్తగా తిప్పితే ఒక కాక్ కదిలింది. రెండోది కదలలేదు, దాని పక్కన కొత్త వాల్వు బిగించి, పాతదాన్ని అక్కడే ఉంచాం.

ఆఖరికి జలపాతపు అంచు దగ్గరికి వచ్చాం. నీరు వదిలిన మొదటిసారి అది దూకనే లేదు. చెంబు నెమ్మదిగా వంచితే నీరు చెంబు ఒంటిని పట్టుకుని కిందికి జారినట్టు, మొత్తం నీరు రాతి ముఖాన్ని అంటుకుని, చప్పుడు లేకుండా కారిపోయింది. అంచున పాతవాళ్లు బిగించిన నల్లరాతి పలకను ఎప్పుడో ఎవరో తీసేశారు. అటువంటిదే మరొకటి తెప్పించి, గుహ ముఖం కంటే బెత్తెడు ముందుకు వచ్చేలా బిగించి, దాని కింది వైపు పొడవునా గాడి తీయించాను. సన్‌షేడ్ కింద గాడి తీసినట్టే అనగానే మేస్త్రికి విషయం అర్థమైంది. నీరు గాడి దగ్గరికి వచ్చి, వెనక్కు పాకలేక, రాయిని విడిచిపెట్టి కిందపడుతుంది.

అయినా ఇంకో చిక్కు మిగిలింది. ఊట వానాకాలం చివర ఉన్నట్టు వేసవిలో ఉండదు. తొట్టి దగ్గర ఇరవై లీటర్ల డబ్బా పెట్టి కొలిస్తే, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఏడెనిమిది సెకన్లలో నిండేది. ఎండలు ముదిరాక అర నిమిషం పట్టేది. ఆరడుగుల వెడల్పు అంచు మీద మొదటి నీరు దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల మందాన పలుచని తెరలా పడుతుంది. రెండోది మూడున్నర మిల్లీమీటర్లకు దిగి, తెర చినిగి, దారాల్లా విడిపోతుంది. అందుకని పలక మధ్యలో రెండడుగుల మేర అర అంగుళం లోతుగా చెక్కించాను. వేసవి నీరంతా ఆ మధ్య భాగంలోనే చేరి నిండుగా దూకుతుంది. వానాకాలంలో అది నిండి, రెండు పక్కలకూ పొర్లుతుంది. రసమట్టం ఒక్కదాన్నే నమ్మకుండా, నీళ్లు నింపిన సన్నని గొట్టంతో అంచు రెండు చివరల మట్టం సరిచూశాం. ఒక చివర గోరంత ఎత్తు తేడా ఉన్నా తెర ఒక పక్కకే లాగేస్తుంది. మేస్త్రి రాయి మీద తడిచేత్తో రాస్తూ, గరుకు రాయితో నూరుతూ ఆ గోరంత తేడాను తీసివేశాడు. నీరు సమంగా పరుచుకుని, ఒక్కసారిగా అంచును విడిచి కోనేట్లో పడినప్పుడు వచ్చిన చప్పుడుకు, తోట బయట బజ్జీల బండి దగ్గర నిలబడ్డ వాళ్లు కూడా లోపలికి వచ్చేశారు.

ఫౌంటెను విషయం తేలిక. తొట్టి నీటిమట్టం ఫౌంటెను ముక్కు కంటే పన్నెండు అడుగులు పైన ఉంది. నీరు తాను వచ్చిన ఎత్తును మించి ఎగరదు, గొట్టంలో రాపిడికి కొంత పోతుంది. ఏడడుగులు లేచింది, అది చాలు.

జలపాతం వెనుక గోడలో వరుసగా చిన్న గూళ్లు ఉన్నాయి. వాటిలో రంగురంగుల విద్యుద్దీపాలు పెట్టాలని కౌన్సిల్‌లో కొందరికి గట్టి కోరిక ఉండేది. మైసూరు దగ్గరి బృందావనం తోటను చూసివచ్చిన వారికి ఆ కోరిక కలగడం సహజమే. నేను కాశ్మీరులో జహంగీరు 1619లో వేయించిన షాలిమార్ బాగ్ సంగతి చెప్పాను. అక్కడ జలపాతాల వెనుక చీనీఖానా అనే గూళ్లలో పగలు పూలు, రాత్రి దీపాలు పెట్టేవారు. కదిలే నీటి తెర వెనుక ఆ వెలుగు కూడా కదిలేది. మన గూళ్లు కూడా అందుకే కట్టారని నా నమ్మకం. కార్తీక పౌర్ణమి నాడు నూనె దీపాలే వెలిగించి చూద్దామని ఒప్పించాను. ఆ రోజు తెల్లవారకముందే ఒడియావారు బోయిత బందాణ అనే పడవల పూజ కోసం అరటి దొప్పల పడవలు తెచ్చి కోనేట్లో వదిలారు. సాయంత్రం తెలుగు ఇళ్ల ఆడవాళ్లు ఒత్తులు వెలిగించుకుని వచ్చారు. గూళ్లలో దీపాలు పెట్టినప్పుడు విద్యుద్దీపాల కోసం అందరికంటే ఎక్కువ పట్టుబట్టిన సభ్యుడే దగ్గరుండి నూనె పోయించాడు. ఆ ప్రతిపాదన మళ్లీ అజెండాలోకి రాలేదు.

తెరిచిన తరువాత వచ్చిన ఒకే ఒక ఫిర్యాదు దోమల గురించి. వంకర కాలువ మలుపుల్లో నీరు నిలిచిన చోట లార్వా కనబడింది. దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, నీరు కదలకపోతే తోట ఊరికే చేటు తెస్తుంది. ఆ మలుపుల అడుగున వాలు సరిచేసి, కోనేట్లో గాంబూసియా చేపలు వదిలాం. చేపలు కోనేరు దాటి కాలువల్లోకి, వాగుల్లోకి పోతే అక్కడి చిన్న చేపలకు నష్టం కాబట్టి, చివరి తూముకు సన్నని జాలీ బిగించాం.

ఇప్పుడు ఇత్తడి కాక్‌ల సందుకు ఇనుప తలుపు ఉంది. దాని తాళంచెవి తోటమాలి దగ్గర ఒకటి, కౌన్సిల్ ఆఫీసులో ఒకటి ఉంటాయి. వానలు తగ్గాక కాలువలో పూడిక తీయడం, రావి వేళ్లు మళ్లీ రాకుండా మట్టి గొట్టాల అతుకులు చూడడం, చెమ్మ రంధ్రాల్లో పుల్ల దూర్చి శుభ్రం చేయడం, అంచు రాయి మీద పేరుకున్న పాకుడును కొబ్బరిపీచుతో మాత్రమే రుద్దడం, తెగిన గచ్చును సున్నంతో తప్ప సిమెంటుతో తాకకపోవడం: ఈ పనులన్నీ ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన పుస్తకం ఒకటి ఆ సందులోని దీపపు గూట్లోనే పెట్టించాను. కొండ మీది కాలువ పూడిక పనిని తాత మనవడికే కౌన్సిల్ వారు ఒప్పగించారు, కూలి నెలనెలా ఇస్తున్నారు.